వెల్స్ అనే చిన్న ఊరు: రాతి పనివాడు ఒక్క రోజులో ఏం చూడాలి?

బుగ్గవంక_నాపరాయి (కడప) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది కడప. బుగ్గవంక పక్కన ఇల్లు, ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల పాలిష్ యూనిట్. ముప్పై రెండేళ్లుగా ఇదే పని. మా పాప ఇంగ్లండ్‌లో, బ్రిస్టల్‌లో చదువుకుంటోంది. వచ్చే నెల నేనూ మా ఆవిడా పదిహేను రోజులు పోతున్నాం. లండన్, మిగతావన్నీ పాపే ప్లాన్ చేసింది. ఒక్క రోజు మాత్రం "నాన్నా, ఇది నీ రోజు, యాడికి పోదామో నువ్వే చెప్పు" అంది. నేను వెల్స్ అన్నాను. పాప ఆశ్చర్యపోయింది.

ఎందుకన్నానో చెప్తాను. నాలుగైదేళ్ల కింద రాతి మిషన్ల ఎగ్జిబిషన్‌కు పోయినప్పుడు ఒక స్టాల్ గోడ మీద పెద్ద ఫొటో ఉంది. చర్చి లోపల నేల నుంచి పైకి ఒక ఆర్చి, దాని నెత్తిన ఇంకో ఆర్చి తలకిందులుగా. చూస్తే రాతితో కత్తెర చేసినట్టుంది. నేను మిషన్లు చూడడం మాని దాని ముందు నిలబడిపోయాను. కింద రాసి ఉన్న పేరు చీటీ మీద రాసుకుని పర్సులో పెట్టుకున్నాను. ఆ చీటీ ఇప్పటికీ ఉంది.

నా ప్రశ్నలు ఇవి. ఆ ఊర్లో ఉండేది 11 వేల మందేనట. మన ప్రొద్దుటూరులో పదో వంతు కూడా కాదు. అయినా దాన్ని సిటీ అంటారు, ఎందుకు? ఆ కత్తెర ఆర్చి అందం కోసం కట్టారా, అవసరం పడి కట్టారా? రాయి ఎక్కడిది? మేము హిందువులం, లోపలికి రానిస్తారా అని మా ఆవిడ అడగమంది.

ఇంకొకటి కూడా ఉంది, అసలు నా మనసులో ఉన్నది ఇదే. మా తాతగారి ఊర్లో రాతి మెట్ల కోనేరు ఉంది. చిన్నప్పుడు అందులోనే ఈత నేర్చుకున్నాను. ఆరేళ్ల కింద రిపేరని చెప్పి రాళ్ల సందులన్నీ సిమెంటుతో పూడ్చారు. పూసినోళ్లను తిట్టాలని కాదు, వాళ్లు మంచి చేద్దామనే చేశారు. కానీ రెండు వానాకాలాలు గడిచేసరికి సిమెంటు గట్టిగానే ఉంది, దాని పక్కనున్న రాయి పెచ్చులు పెచ్చులుగా లేచింది. చేత్తో తడిమితే పొడి రాలుతోంది. వందల ఏళ్లు నిలిచిన రాయి నా కళ్ల ముందే పోతోంది. అక్కడ ఎనిమిది వందల ఏళ్ల రాయిని ఎట్లా కాపాడుకుంటున్నారు? తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

సోమర్సెట్_అక్క (ఊరు ప్రొద్దుటూరు) జవాబు

అన్నా, మీ పోస్ట్ చూసి డ్యూటీ నుంచి ఇంటికి రాగానే కూర్చున్నాను. నేను తొమ్మిదేళ్లుగా వెల్స్ ఉన్న సోమర్సెట్ జిల్లాలోనే ఉన్నాను, ముసలివాళ్లను చూసుకునే కేర్ హోమ్‌లో పని. వెల్స్ నాకు సంతకు పోయే ఊరు. బుధవారం, శనివారం పెద్ద చర్చి పక్కనే మార్కెట్ పెడతారు. మీకు వీలైతే బుధవారం రండి, శనివారం జనం ఎక్కువ. అక్కడికి రైలు లేదు. బ్రిస్టల్ బస్టాండ్‌లో 376 నంబర్ బస్సు ఎక్కితే నేరుగా దింపుతుంది, గంట పైన పడుతుంది. బస్సు పై అంతస్తులో కూర్చోండి, మెండిప్ కొండలు ఎక్కి దిగేటప్పుడు బాగుంటుంది.

వదినకు చెప్పండి, ఎవరైనా పోవచ్చు. ఏ మతమని అడగరు. చూడ్డానికి పోతే టికెట్ ఉంటుంది, సాయంత్రం పాటల ప్రార్థనకు కూర్చుంటే లేదు. ఆ ప్రార్థనకు తప్పకుండా కూర్చోండి. పిల్లలూ పెద్దలూ కలిసి పాడతారు. ఆ రాతి కప్పు కింద పాట ఆగిపోయాక కూడా కొంచెంసేపు గొంతు వినపడుతూనే ఉంటుంది. నేను తెలుగు చర్చి పాటలతో పెరిగినదాన్ని కాదు, గుడి భజనలతో పెరిగినదాన్ని. అయినా మొదటిసారి విన్నప్పుడు మా నాయనమ్మ గుర్తొచ్చి ఏడ్చాను.

ఊరి పేరు గురించి చెప్తాను, మీరు బుగ్గవంక పక్కన ఉంటారు కాబట్టి మీకు బాగా అర్థమవుతుంది. వెల్స్ అంటే బావులని డిక్షనరీలో ఉంటుంది గానీ అవి తవ్విన బావులు కావు. మన భాషలో బుగ్గలు. మెండిప్ కొండలు సున్నపురాయి కొండలు. పైన పడ్డ వాన రాయిలోకి ఇంకి, గుహల గుండా పారి, బిషప్ గారి తోటలో నేలలోంచి ఉబికి వస్తుంది. అందులో ఒకదాని పేరు సెయింట్ ఆండ్రూస్ వెల్. చర్చి కూడా ఆ ఆండ్రూ పేరు మీదే. బుగ్గ ముందు, గుడి తర్వాత. ఆ నీళ్ల దగ్గర ముందు ఒక చిన్న చర్చి వచ్చింది, 909లో అక్కడ బిషప్‌ను పెట్టారు. ఇప్పుడు మీరు చూసే పెద్ద కట్టడం 1175 ప్రాంతంలో మొదలైంది.

ఇక బిషప్ ఇల్లు. దాని చుట్టూ కందకం, కోట గోడ ఉంటాయి. చూస్తే మన సిద్ధవటం కోట గుర్తొస్తుంది. ఆ కందకం, గోడ 1340ల్లో రాల్ఫ్ అనే బిషప్ కట్టించాడు. అప్పట్లో ఊరి జనానికీ బిషప్‌కూ హక్కుల మీద, పన్నుల మీద తగాదాలు. దేవుడి మనిషి తన ఊరివాళ్లకు భయపడి కందకం తవ్వుకున్నాడంటే నాకు బాధగా ఉంటుంది. కానీ వందేళ్లు దాటాక అదే ఇంట్లో ఉన్న ఇంకో బిషప్, పేరు బెకింగ్టన్, 1451లో ఏం చేశాడో చూడండి. తోటలోని బుగ్గ నీళ్లను గొట్టాల్లో ఊరి మార్కెట్‌కు తెప్పించి, జనానికి ఉచితంగా ఇచ్చాడు. బదులుగా ఒక్కటే అడిగాడు. ఊరి పెద్దలు ఏడాదికొకసారి తన సమాధి దగ్గరికి వచ్చి తన ఆత్మ కోసం ప్రార్థన చెయ్యాలి. అంతే. నీళ్లకు బదులు ఒక ప్రార్థన. ఆ నీళ్లు ఇప్పటికీ హై స్ట్రీట్‌లో రోడ్డు పక్క చిన్న రాతి కాలువల్లో పారుతుంటాయి. షాపుల ముందు, కాఫీ తాగేవాళ్ల కాళ్ల పక్కన. చాలామంది అది వాన నీళ్లనుకుని దాటి పోతారు. మీరు దాటి పోవద్దు.

బెకింగ్టన్ సమాధి కూడా చూడండి. బతికుండగానే చేయించుకున్నాడు. పైన బిషప్ బట్టల్లో నిండుగా పడుకుని ఉంటాడు, కింద అదే మనిషి కుళ్లిన శవంగా చెక్కి ఉంటాడు. నాకు మొదట భయమేసింది. తర్వాత రోజూ చావులు చూసే ఉద్యోగం కదా, ఆయన నిజం చెప్పాడనిపించింది.

గడియారం దగ్గర తొందరపడొద్దు. దాదాపు 1390 నాటిది. ముఖం మీద 24 గంటలు, మధ్యలో భూమి, చుట్టూ సూర్యుడు, చంద్రుడు తిరుగుతారు. అప్పటికి లోకాన్ని అట్లాగే అనుకునేవాళ్లు. ప్రతి పావుగంటకు పైన గుర్రాల మీద వీరులు తిరుగుతారు, ప్రతిసారీ ఒక్కడే దెబ్బ తిని వెనక్కి పడతాడు. ఎప్పుడూ వాడే. పక్కన ఎత్తులో ఒక బొమ్మ కూర్చుని మడమలతో గంటలు తంతుంది, దాని పేరు జాక్ బ్లాండిఫర్స్. పాత యంత్రం 1884 నుంచి లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది. ఇక్కడున్న యంత్రానికి 2010 దాకా మనిషే చేత్తో కీ తిప్పేవాడు.

సిటీ సంగతి: బిషప్ పీఠం ఉన్న పెద్ద చర్చి ఉంటే ఆ ఊరిని సిటీ అనడం ఇక్కడ పాత ఆచారం. జనాభాతో పని లేదు. 1974లో పాలనా హద్దులు మార్చినప్పుడు ఆ హోదా పోకుండా రాణి పేరు మీద మళ్లీ పత్రం ఇచ్చారు.

రాయి గురించి నాకు తెలిసిన ఒక సంగతి ఉంది, అది పెద్ద కథ. రేపు నైట్ డ్యూటీ లేదు, అప్పుడు రాస్తాను.

తాడిపత్రి_పెన్న జవాబు

అక్క బుగ్గ అనగానే రాయకుండా ఉండలేకపోయాను. మా తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వర స్వామి గుడి కూడా ఇదే లెక్క. పెన్న ఒడ్డున, లింగం కింద ఎప్పుడూ ఊట. ఆ నీళ్ల పేరే స్వామి పేరయింది. గోపురాలు పూర్తి కాకుండా సగంలో ఆగినా, ఆ సగం మీదే ఎంత చెక్కారో చూస్తే తల తిరుగుతుంది. వెల్స్‌కు పోయే ముందు ఒకసారి తాడిపత్రి వచ్చి ఆ గోపురం మొదలు చూసి పోండి అన్నా. రెండు చోట్లా రాయి పనివాళ్లు ఏం ఆలోచించారో పోల్చుకోవచ్చు. మా ఇంటికి భోజనానికి కూడా రండి.

కర్నూలు_సివిల్ జవాబు

సార్, కత్తెర ఆర్చి గురించి నేను చెప్తాను. నేను కర్నూలులో స్ట్రక్చరల్ డిజైన్ చేస్తాను. కాలేజీలో మా సార్ బోర్డు మీద గీసిన మొదటి బొమ్మ ఇదే, అందుకే నాకు దీని మీద ప్రేమ.

అది అందం కోసం కట్టింది కాదు. పూర్తిగా అవసరం. చర్చి మధ్యలో నాలుగు పెద్ద స్తంభాల మీద ఒక టవర్ నిలబడి ఉంటుంది. 1315 నుంచి 1322 మధ్య దాన్ని ఇంకా ఎత్తు పెంచారు, పైన సీసం రేకు కప్పిన శిఖరం కూడా పెట్టారు. అక్కడి నేల అంతా ఊటల నేల, అక్క చెప్పింది కదా. బరువు పెరిగేసరికి పునాది అన్ని వైపులా సమానంగా కుంగలేదు, పడమటి వైపు ఎక్కువ కుంగింది. టవర్‌లో పగుళ్లు, ఒక పక్కకు వాలడం మొదలైంది. మన దగ్గర నల్లరేగడి నేలలో ఇల్లు కట్టి, తర్వాత పైన అంతస్తు వేస్తే గోడ ఎట్లా చీలుతుందో మీకు తెలుసు. అదే సంగతి.

ఇప్పుడైతే నేల లోతుకు కాంక్రీటు స్తంభాలు (పైల్స్) దింపుతాం, సందుల్లోకి సిమెంటు పాలు ఎక్కిస్తాం (గ్రౌటింగ్). అప్పుడు ఉన్నది రాయి, సున్నం, బుర్ర. మేస్త్రీ విలియం జాయ్ 1338 నుంచి 1348 వరకు పదేళ్లు పట్టి ఈ పని చేశాడు. స్తంభానికీ స్తంభానికీ మధ్య మూడు వైపుల ఈ జంట ఆర్చిలు పెట్టాడు. కింది ఆర్చి స్తంభాల మొదళ్లను దూరం జరగకుండా, దగ్గరికి రాకుండా పట్టుకుంటుంది. దాని నెత్తిన తలకిందులుగా పెట్టిన ఆర్చి స్తంభాల పైభాగాన్ని పట్టుకుంటుంది. రెండూ కలిసే చోట బరువు ఒక వైపు నుంచి ఇంకో వైపుకు మళ్లుతుంది. కుంగిన స్తంభం మీది భారంలో కొంత కుంగని స్తంభం మోస్తుంది. పక్కల రెండు పెద్ద గుండ్రటి కన్నాలు కనపడతాయి. రాయి బరువు తగ్గుతుంది, బలం తగ్గదు. నాలుగో వైపు, తూర్పున, పాటగాళ్ల గది ముందున్న రాతి తెర అడ్డు నిలుస్తుంది, అందుకే అటు ఆర్చి లేదు.

కొంతమంది అది చర్చికి నప్పలేదని, దారికి అడ్డంగా ఉందని అంటారు. నేను ఒప్పుకోను. పడిపోతున్న కట్టడాన్ని నిలబెట్టిన వస్తువు అది, 670 ఏళ్లు దాటినా టవర్ కదల్లేదు. దాని కింద నిలబడి స్తంభాల మొదలు నుంచి పైకి చూడండి. ఫొటోలో ముందు నుంచే కనపడుతుంది, పక్క నుంచి చూస్తే దాని మందం తెలుస్తుంది.

కెథడ్రల్ అనే మాట కొత్తగా అనిపిస్తే, మన నంద్యాల హోలీ క్రాస్ కెథడ్రల్ ఉంది కదా, బిషప్ కూర్చునే పీఠం ఉన్న చర్చి. అర్థం అదే.

సోమర్సెట్_అక్క జవాబు

అన్నా, రాయి కథ.

చర్చి రాయి డౌల్టింగ్ అనే పల్లె గనిది. వెల్స్ నుంచి ఎనిమిది మైళ్లు. లేత పసుపు సున్నపురాయి. పడమటి గోడ ముందు నిలబడితే దాదాపు 300 శిల్పాలు కనపడతాయి. రాజులు, బిషప్‌లు, దేవదూతలు, సమాధుల మూతలు తోసుకుని లేస్తున్న మనుషులు. 1230, 1240 ప్రాంతపు పని. ఒకప్పుడు వాటికి రంగులు వేసి ఉండేవట. ఆ గోడలో కనపడకుండా కన్నాలున్నాయి. పండుగ ఊరేగింపు వచ్చేటప్పుడు పాటగాళ్లు గోడ వెనక నుంచి ఆ కన్నాల గుండా పాడేవాళ్లు, కింద జనానికి శిల్పాలే పాడుతున్నట్టు వినపడేది. 1685లో రాజు మీద తిరుగుబాటు చేసిన మన్మత్ డ్యూక్ మనుషులు ఇక్కడికి వచ్చి, తుపాకీ గుండ్ల కోసం పైకప్పు సీసం పీకి, శిల్పాలు పగలగొట్టి, లోపల గుర్రాలు కట్టేశారు. ఇన్ని జరిగినా గోడ నిలిచింది. కానీ వానా, బొగ్గు పొగా మాత్రం రాయిని మెల్లగా తినేశాయి.

మా హోమ్‌లో ఒక పెద్దాయన ఉండేవాడు, ఇప్పుడు లేడు. పేరు చెప్పను. 1970ల్లో, 80ల్లో ఆ పడమటి గోడ మీద సారువ ఎక్కి పనిచేశాడు. చేతులు వణికేవి, స్పూన్ పట్టుకోలేడు. కానీ సున్నం పని చెప్పమంటే వణుకు తగ్గేది. నేను అన్నం పెడుతూ విన్న మాటలివి.

పాడైన శిల్పాన్ని ముందు నీళ్లతో తడపాలి. సున్నపురాయి కాల్చి నీళ్లు పోస్తే ఉడుకుతుంది కదా, ఆ వేడి సున్నం ముద్దను శిల్పం ఒంటి నిండా అంగుళం మందాన పట్టించాలి. మనం వాపు మీద పసుపు పట్టు వేసినట్టే. దాని మీద గోనెపట్టా, పైన ప్లాస్టిక్ షీట్. మూడు వారాలు ఎండిపోకుండా తడి ఉంచాలి. తర్వాత తీస్తే మసి, మురికి దాంతో పాటు వచ్చేస్తాయి. ఆ తర్వాత సున్నపు తేట నీళ్లు రాయికి తాగించాలి, ఒకసారి కాదు, నలభై సార్లు. పగుళ్లలో సిమెంటు అసలు వద్దు. సున్నం, సన్నటి ఇసుక, అదే రాతి పొడి కలిపి, రాయి రంగుకు సరిపోయేలా చూసి పూడ్చాలి. చివర్లో పల్చటి సున్నపు పూత. వాన ముందు ఆ పూతను తినాలి, రాయిని కాదు. కొన్నేళ్లకు పూత పోతుంది, మళ్లీ వేసుకోవాలి. ఈ పద్ధతిని ఇక్కడ నేర్పిన ఆయన రాబర్ట్ బేకర్. 1986 దాకా ఆ పని సాగింది. ఇప్పుడు చాలా పాత కట్టడాలకు సిమెంటు కాకుండా సున్నమే వాడమని చెప్తారు.

సిమెంటు ఎందుకు వద్దని అడిగాను. ఆయన చెప్పింది నేను మన భాషలో చెప్తాను. పాత రాయి గాలి పీల్చి వదులుతుంది, నీళ్లు తాగి ఆరుతుంది. సందులో సున్నం ఉంటే తడి సందులోంచి బయటికి పోతుంది. పాడైతే సున్నం పాడవుతుంది, అది మార్చుకోవచ్చు. సందులో సిమెంటు పెడితే తడికి దారి లేక రాయిలోంచే పోవాలి. పోతూ ఉప్పును రాయి చర్మం కింద వదిలేస్తుంది. ఆ ఉప్పు గట్టిపడి రాయిని లోపల్నుంచి తోస్తుంది, పెచ్చు లేస్తుంది. మీ కోనేటికి జరిగింది ఇదే అన్నా, మీరు రాసింది చదువుతుంటే ఆయన గొంతే వినపడింది నాకు.

ఇంకా రెండు చోట్లు చెప్పి ఆపేస్తాను. వికర్స్ క్లోజ్ అనే వీధి: పాటగాళ్ల కోసం పైన చెప్పిన రాల్ఫ్ బిషప్పే 1348లో మొదలుపెట్టించాడు. రెండు వరుసల ఇళ్లు, ఇప్పటికీ పాడేవాళ్లు అందులోనే కాపురం ఉన్నారు. అవతలి కొస దగ్గరికి వీధి సన్నబడుతుంది, అందుకే చాలా పొడుగనిపిస్తుంది. రెండోది చాప్టర్ హౌస్‌కు, అంటే చర్చి పెద్దలు సభ జరుపుకునే గదికి, పోయే మెట్లు. వాటి గురించి ఏమీ చెప్పను. రాయి మనిషి మీరు, మీరే చూడండి.

హంసలు కందకంలో ఉంటాయి. ఆకలైతే కిటికీ కింద తాడు లాగి గంట కొడతాయి. 19వ శతాబ్దంలో బిషప్ కూతురు నేర్పిందని చెప్తారు. వదినకు నచ్చుతుంది.

ఇంకొక మాట, మా ఉద్యోగానికి దగ్గరిది. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో పోరాడి చివరిదాకా బతికిన సైనికుడు హ్యారీ ప్యాచ్, తర్వాత ప్లంబర్ పని చేసుకున్నాడు, వెల్స్‌లో ఒక కేర్ హోమ్‌లోనే 111 ఏళ్లకు పోయాడు. 2009 ఆగస్టు 6న అంత్యక్రియలు ఈ చర్చిలోనే. ఆ సంగతి తలుచుకుంటే మా పని మీద గౌరవం పెరుగుతుంది.

బుగ్గవంక_నాపరాయి జవాబు (తిరిగొచ్చాక)

అక్కా, సార్, తాడిపత్రి తమ్ముడూ, నిన్న రాత్రే కడప చేరాం. నిద్ర పట్టక రాస్తున్నాను.

బుధవారమే పోయాం. బస్సు దిగి మార్కెట్ దాటుతుంటే మా ఆవిడ ఆగిపోయింది. రోడ్డు పక్క కాలువలో నీళ్లు. ఆమె పుట్టిల్లు మహానంది పక్క పల్లె. చిన్నప్పుడు కోనేట్లోంచి అరటి తోటలకు పారే నీళ్లలో ఆడుకున్న మనిషి. వంగి చెయ్యి పెట్టి "మహానంది నీళ్ల లెక్కనే అడుగు కనపడుతోంది" అంది. ఆ తర్వాత ఆ రోజంతా ఆమె ముఖంలో ఒక వెలుగుంది. నేను తీసుకున్న ఫొటోల్లో సగం ఆ కాలువవే. హంసలు గంట కొట్టడం మాత్రం మాకు కనపడలేదు, పడుకుని ఉన్నాయి.

కత్తెర ఆర్చి కింద పక్కకు పోయి నిలబడ్డాను సార్, మీరు చెప్పినట్టే. ఫొటోలో గీత లాగా ఉన్నది దగ్గరికి పోతే గోడంత మందం. స్తంభం మీద చెయ్యి పెట్టాను. పాత పని ఎక్కడ ఆగింది, విలియం జాయ్ పని ఎక్కడ మొదలైంది అని వెతికాను. దేవుడి గుడి పడిపోతుందని తెలిసి, పదేళ్లు ఆ వాలే టవర్ కిందే నిలబడి పని చేసిన వాళ్లు. వాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లు రోజూ సాయంత్రం ఎంత టెన్షన్ పడి ఉంటారో అనుకున్నాను. మా దగ్గర గనిలో బండ జారిన రోజు మా అమ్మ పడింది.

దక్షిణం వైపు స్తంభాల తలల మీద చిన్న బొమ్మలు చూపించింది పాప. పండ్ల దొంగలు, వాళ్లను పట్టుకుని కొట్టే రైతు, కాల్లో ముల్లు తీసుకునే మనిషి, పంటి నొప్పితో నోరు సాగదీసి పట్టుకున్నవాడు. బిషప్‌లను చెక్కిన చర్చిలోనే వీటినీ చెక్కారు. ఆ పంటి నొప్పి మనిషి దవడ దగ్గర ఉలి ఎంత మెత్తగా తిరిగిందో! మన నాపరాయి పొరలు పొరలుగా లేస్తుంది, అందుకే బండ బాగా వస్తుంది, బొమ్మ రాదు. ఆ డౌల్టింగ్ రాయికి పొర అడ్డం రాదు, ఎటు ఉలి పెడితే అటు తెగుతుంది. చేత్తో తాకకుండానే తెలిసిపోయింది.

తర్వాత మెట్లు. అక్కా, మీరు చెప్పకుండా ఉంచడం మంచిదయింది. కింద నిలబడి చూస్తే అవి మెట్లలాగా లేవు. పైనుంచి నీళ్లు పారుతూ గడ్డకట్టినట్టున్నాయి. కొన్ని నేరుగా పైకి పోతాయి, కొన్ని కుడి వైపు తిరిగి చాప్టర్ హౌస్ తలుపు దగ్గరికి పోతాయి, మలుపు దగ్గర రెండు అలలు కలిసినట్టు ఉంటుంది. ఏడు వందల ఏళ్లకు పైగా పాదాలు అరగదీసినవి. పక్కకు జరిగి కూర్చుని ఒక మెట్టు అంచు మీద అరచెయ్యి పెట్టాను. మధ్యలో గుంట నా చేతికి సరిగ్గా పట్టింది. మా మిషన్‌లో ఒక బండకు మెరుపు రావాలంటే గరుకు రాయి నుంచి సన్న రాయి దాకా మార్చుకుంటూ, నీళ్లు పోసుకుంటూ గంటలు తిప్పాలి. ఆ గుంటలో ఉన్న నునుపు ఏ మిషన్‌తోనూ రాదు, ముప్పై రెండేళ్ల పనివాడిగా చెప్తున్నాను. చాప్టర్ హౌస్ లోపల మధ్యలో ఒకే స్తంభం, దాని తలలోంచి 32 రాతి ఈనెలు తాటి చెట్టు మట్టల్లాగా విచ్చుకుని కప్పు మొయ్యడం కూడా చూశాను, చాలా గొప్ప పనే. అయినా మళ్లీ వచ్చి మెట్ల మీదే కూర్చున్నాను. మా ఆవిడ పక్కన కూర్చుని "ఈళ్లు కొత్త మెట్లు వెయ్యలేదు చూడు" అంది. అవును. అరిగింది కదా అని పీకెయ్యలేదు.

పడమటి గోడ దగ్గర గంట ఉన్నాను. సున్నం పూసిన చోట రంగు కొంచెం పాలిపోయి ఉంటుంది, తెలిసినవాడికి కనపడుతుంది. ముక్కులు లేని ముఖాలకు కొత్త ముక్కులు పెట్టలేదు. ఉన్నదాన్ని నిలబెట్టారు, అంతే. మీ పెద్దాయన పట్టు వేసిన శిల్పం ఏదో తెలియదు కాబట్టి అన్నిటికీ దండం పెట్టుకున్నాను అక్కా.

ఇప్పుడు నా పని చెప్తాను. మా తాత ఊరి కోనేటికి సందుల్లో సిమెంటు మెల్లగా, రాయికి దెబ్బ తగలకుండా చేతి ఉలితో తీయించాలని అనుకున్నాను. మిషన్ పెట్టను. మొదటి పది మెట్లకు ఖర్చు నేనే పెట్టుకుంటాను. ఊరి పెద్దలతో ఆదివారం మాట్లాడుతున్నా. నాకు కావాల్సింది గానుగ సున్నం. మా చిన్నప్పుడు ఎద్దులు రాతి చక్రాన్ని గుండ్రంగా తిప్పుతుంటే సున్నం, ఇసుక నలిగేది, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోసేవాళ్లు. ఆ వాసన నాకింకా గుర్తుంది. ఆ పని తెలిసినవాళ్లు కడప, కర్నూలు, అనంతపురం చుట్టుపక్కల ఎవరన్నా ఉన్నారా?

తాడిపత్రి_పెన్న జవాబు

అన్నా, మా పక్క పల్లెలో ఒక తాత ఉన్నాడు, ఎనభై దాటింది. గుళ్లకు సున్నం పని చేసిన మనిషి. పొద్దున పోయి అడిగి వచ్చాను. గానుగ రాయి ఆయన పెరట్లోనే ఉంది, చక్రం పగల్లేదు, కాడి మాత్రం కొత్తది చేయించుకోవాలి. చేతులు ఆడవు, దగ్గరుండి చూపిస్తానన్నాడు. ఏం రాయో చూస్తేగానీ సున్నం పాళ్లు చెప్పనన్నాడు, కాబట్టి కోనేటి నుంచి పెచ్చు లేచిన ముక్క ఒకటి, బాగున్న ముక్క ఒకటి తీసుకుని రండి.

కర్నూలు_సివిల్ జవాబు

నేనూ వస్తాను సార్. పని మొదలుపెట్టే ముందు ప్రతి మెట్టుకూ ఫొటో, కొలత తీసి పెట్టుకుందాం. కోనేట్లో నీళ్లు ఎంత మట్టానికి తగ్గాయో ఇప్పుడే చూసి చెప్పండి, వానలు పడేలోపు కింది మెట్లు అయిపోవాలి.